బన్నులో కైమా, బుధవారం రాత్రి

బుధవారం వంట నాది. మా ఆవిడ ఆఫీసు ఊరికి దక్షిణాన ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో, మేం ఉండేది ఉత్తరాన పెరంబూరులో. చెన్నై తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. బుధవారం సాయంత్రం ఆవిడకి ఒక మీటింగ్ ఉంటుంది, ట్రాఫిక్ దాటుకుని ఇంట్లో అడుగు పెట్టేసరికి ఎనిమిదిన్నర. నాకు వచ్చిన వంటలు మూడు: గుడ్డు పొరటు, టమాటా చారు, బంగాళాదుంప వేపుడు. రెండేళ్లు ఆ మూడింటినీ తిప్పి తిప్పి వండాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడంలోనే అంతా ఉంది.

ఒకరోజు వీడియో కాల్‌లో మా తమ్ముడి కొడుకు రెండు చేతులతో ఒక బన్ను పట్టుకుని తింటూ కనిపించాడు. తమ్ముడు వాళ్లు అమెరికాలో ఉంటారు. వాడి మోచేతి దాకా ఎర్రటి సాస్ కారుతోంది, కింద ప్లేటులో మాంసం కుప్ప పడుతోంది, వాళ్లమ్మ ఏమీ అనడం లేదు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. అన్నం మెతుకు కింద పడితే నానమ్మ చేత మాటలు పడే పిల్ల. అంత కారుతున్నా ఎవరూ తిట్టని తిండి ఒకటుందని దానికి అప్పుడే తెలిసింది. "నాన్నా, అదేంటో కనుక్కో" అంది.

దాని పేరు స్లాపీ జో. మా అమ్మ చీరాల నుంచి వచ్చి రెండు నెలలుగా మా దగ్గరే ఉంది. పేరు వినగానే, "జో ఏంట్రా? తినేదా, ఉయ్యాల్లో వేసి ఊపేదా?" అంది. ఈ జో ఎవరో అక్కడివాళ్లకీ గట్టిగా తెలిసినట్టు లేదు. 1930లలో అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో జో అనే వంటవాడు, అప్పటికే అక్కడ అమ్ముతున్న పొడి కైమా శాండ్‌విచ్‌లో టమాటా సాస్ కలిపాడని ఒక కథ. హవానాలో అదే పేరుతో ఒక బార్ ఉండేది, పేరు అక్కడిదని ఇంకో కథ. పొడి కైమా సంగతి మాత్రం ఖాయం, అదే అయోవాలోని మస్కటీన్ ఊళ్లో 1926లో మొదలైన మెయిడ్-రైట్ దుకాణాలు ఇప్పటికీ దాన్ని అమ్ముతున్నాయి. తర్వాత 1969లో టమాటా సాస్‌లు అమ్మే హంట్స్ కంపెనీ వాళ్లు మ్యాన్‌విచ్ అని సాస్‌ని డబ్బాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. మాంసం వేయించు, డబ్బా ఒంపు, బన్నులో పెట్టు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చినవాళ్ల వంట అయిపోయింది.

మా మరదలు డబ్బా మానేసి చాలాకాలమైందట. వాట్సాప్‌లో నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపింది. "బావగారూ, అరకిలో బీఫ్ కైమా, ఒక పెద్ద ఉల్లిపాయ, సగం క్యాప్సికం, వెల్లుల్లి, ముప్పావు కప్పు కెచప్, కొంచెం బ్రౌన్ షుగర్, మస్టర్డ్, వూస్టర్ సాస్. ఇరవై నిమిషాల్లో అయిపోతుందండీ." ఆ ఇరవై నిమిషాలు నన్ను మూడు బుధవారాలు తిప్పాయి.

మాంసానికి మాత్రం వెతుక్కోవాల్సిన పని లేదు. మా ఇంట్లో పెద్దకూర కొత్త కాదు. చీరాలలో ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పొయ్యి మీద ఉడుకుతూ ఉండేది. బడికి తీసుకెళ్లే క్యారేజీలో మాత్రం అమ్మ అది పెట్టేది కాదు, ఎందుకని మేమూ అడిగేవాళ్లం కాదు. చెన్నై వచ్చిన కొత్తలో ఇల్లు వెతుక్కునేటప్పుడు మళ్లీ అదే బెరుకు. "నాన్‌వెజ్ వండుతారా?" అని ప్రతి ఓనరూ అడిగేవాడు. "ఎప్పుడైనా చికెన్ అండీ" అని నసిగేవాణ్ణి. పెరంబూరుకి వచ్చాక ఆ నసుగుడు అవసరం లేకుండా పోయింది. ఇక్కడ రైల్వే ఫ్యాక్టరీల చుట్టూ తరాలుగా స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలున్నాయి, ముస్లింలున్నారు, మాలాంటి తెలుగువాళ్లున్నారు. బీఫ్ కొట్టు ముందు నిలబడితే తమిళం, ఉర్దూ, ఇంగ్లిష్, తెలుగు నాలుగూ వినపడతాయి. ధర మటన్‌లో సగం కూడా ఉండదు.

పొద్దున్న ఆరున్నరకే వెళ్లాను. కొట్టతను తమిళుడు, తెలుగు కొంచెం అర్థమవుతుంది. కైమా అంటే తలూపాడు. ఇక్కడ దాన్ని కొత్తుకరి అంటారు. "బాల్ కర్రీకా?" అని అడిగాడు. పసుపు వేసి వండిన కొబ్బరిపాల అన్నంతో కైమా ఉండల కూర ఆంగ్లో ఇండియన్ల ఆదివారం భోజనం. కైమా కొట్టించుకునేవాళ్లలో అతనికి ఎక్కువగా తగిలేది వాళ్లే. కాదు, బన్నులోకి అన్నాను. కత్తి ఆపి ఒక్కసారి నా వైపు చూశాడు, మళ్లీ పనిలో పడ్డాడు.

మొదటి బుధవారం గురించి ఎక్కువ చెప్పుకోవడం నాకే ఇష్టం లేదు, కానీ నేర్చుకున్నదంతా అక్కడే. ఉల్లిపాయ, క్యాప్సికం వేగాక అరకిలో కైమా మొత్తం ఒకేసారి గిన్నెలో వేసి, ఉప్పు చల్లి గరిటె తిప్పుతూ కూర్చున్నాను. ఐదు నిమిషాలకి గిన్నెలో బూడిదరంగు నీళ్లు. మాంసం వేగడం లేదు, ఉడుకుతోంది. "కొవ్వు కారితే వంపేయండి" అని మరదలు చెప్పింది కదా, ఇదే కొవ్వు కాబోలు అనుకుని సింకులో వంపేశాను. అది కొవ్వు కాదు, మాంసంలోని సారం. కెచప్ పోశాను. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం కోరు రెండు చెంచాలు వేశాను. మస్టర్డ్ సీసా లేదు, చీరాల నుంచి అమ్మ తెచ్చిన ఆవపిండి ఉంది, దాన్నొక చెంచా నేరుగా ఉడుకుతున్న సాస్‌లో కుమ్మరించాను. కైమా రబ్బరు ముక్కల్లా, సాస్ పానకంలా, మధ్యమధ్యలో ఆవపిండి చేదు. దాన్ని బన్నులో పెడితే రెండు నిమిషాల్లో అడుగు బన్ను నాని చేతిలోనే విడిపోయింది. మా అమ్మాయి ఒక్కటే మెచ్చుకుంది, కారిందని.

మా ఆవిడ వచ్చి ఒక ముక్క తిని, "చారు ఏమైనా ఉందా?" అంది.

ఆ రాత్రే మరదలికి ఫోన్ చేశాను, వాళ్లకి పొద్దున్న. ఒక్కొక్కటే అడిగింది. కైమా ఎలా ఉంది, కొవ్వు ఎంత ఉంది. అక్కడ సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ మీదే రాసి ఉంటుందట, 80-20 అని, అంటే నూటికి ఇరవై పాళ్లు కొవ్వు. వేయిస్తే నెయ్యిలా కరిగి పైకి తేలుతుంది, అందుకే వంపేయమంటారు. మన కొట్లో దొరికేది వేరే సరుకు. తమిళనాడులో 1958 నాటి చట్టం ప్రకారం మామూలుగా పదేళ్లు దాటి, పనికీ సంతానానికీ ఇక పనికిరాని పశువునే కోయనిస్తారు. ఆ వయసు మాంసంలో కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ. కాబట్టి వంపాల్సింది ఏమీ ఉండదు, మనమే నూనె పోయాలి. రెండుసార్లు కొట్టించాలి, ఇంకాసేపు ఉడికించాలి. ఇరవై నిమిషాల వంట అమెరికా పశువుకి సరిపోతుంది, మన పశువుకి నలభై కావాలి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఒక బుధవారం మిగిలేది.

రెండో బుధవారం కైమా బాగా వేగింది. రెండు విడతలుగా వేయించాను. మూకుడులో నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు, మాంసం ఎరుపెక్కాలంటే అంతకంటే బాగా ఎక్కువ కావాలి. కొంచెం కొంచెం వేస్తే ఊరిన నీరు ఊరినట్టే ఆవిరవుతుంది, కుప్ప పోస్తే చెరువు కడుతుంది. అంతా సవ్యంగా నడుస్తుండగా ఆఫీసు ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చేసరికి వంటింట్లోంచి నాకు బాగా తెలిసిన వాసన. అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "ఒరే, అల్లం వెల్లుల్లి లేకుండా పెద్దకూర ఏంట్రా, నీచు కొట్టదూ? కాస్త గరం మసాలా కూడా వేశాను" అంది. పచ్చిమిరపకాయలు కూడా పడ్డాయి, అది నోట్లో పెట్టుకున్నాకే తెలిసింది. బ్రహ్మాండంగా ఉంది. దాన్ని బన్నులో పెడితే మా అమ్మాయి పైకప్పు ఎత్తి చూసి, "ఇది కూర నాన్నా" అంది. నిజమే. వేడివేడి అన్నంలో కలుపుకుని తినేశాం. బన్నులు పొద్దున్న టీలో ముంచుకున్నాం.

ఈలోగా నేను వూస్టర్ సాస్ కోసం తిరిగాను. పక్క కొట్లో లేదు, పెద్ద సూపర్‌మార్కెట్‌లో దొరికింది. సీసా తిప్పి వెనక రాసినది చదివితే నవ్వొచ్చింది. చింతపండు! ఇంగ్లండ్‌లోని వూస్టర్ అనే ఊళ్లో 1837 నుంచి లీ, పెర్రిన్స్ పేరుతో అమ్ముతున్న సాస్ ఇది. అసలు రకంలో వినెగర్, మడ్డి బెల్లప్పాకం, ఉల్లి, వెల్లుల్లి, చింతపండు రసం, పైగా ఊరబెట్టిన నెత్తళ్లు. అమ్మకి చదివి వినిపించాను. "నెత్తళ్లూ చింతపండూనా? మా అమ్మ పులుసు పెట్టేది. దానికి సీసా ఎందుకురా?" అంది. నేను సీసా కొన్నాను, కానీ దొరక్కపోతే చిక్కటి చింతపండు గుజ్జు చెంచాడు, సోయా సాస్ చెంచాడు కలిపితే పని నడుస్తుంది. మొదటి బుధవారం ఆ పులుపు లేకపోబట్టే కెచప్ తీపి, బెల్లం తీపి ఒకదాని మీద ఒకటి పడి పానకమైంది.

ఆవపిండి గుట్టు కూడా విప్పుకున్నాను. ఆవపిండి ఘాటు తడి తగిలాకే పుడుతుంది. ఆవకాయ కలిపిన రోజు ఉండే రుచి వేరు, నాలుగో రోజు వేరు, అది మనకి తెలిసిందే. మరిగే సాస్‌లో పొడిగా కుమ్మరిస్తే ఘాటు పుట్టకముందే మాడిపోతుంది, చేదు మిగులుతుంది. అరచెంచా పిండిని చెంచాడు చల్లటి నీళ్లలో పది నిమిషాలు తడిపి, ఒక చుక్క వినెగర్ వేసి పక్కన పెట్టుకుంటే సీసా మస్టర్డ్‌ని మించిపోతుంది. దించే ముందు వేయాలి. మన ఆవాలు వాళ్ల పసుపు ఆవాల కంటే ఘాటు కాబట్టి అరచెంచా చాలు.

మూడో బుధవారం అమ్మని హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. "వంటింట్లోకి రావద్దమ్మా, దండం పెడతాను" అన్నాను. వెల్లుల్లి ఒలిచిపెట్టమని ఆరు రెబ్బలు చేతికిచ్చాను, ఖాళీగా కూర్చోబెడితే ఊరుకోదు.

కైమా పొద్దున్నే తెచ్చి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టాను. చెన్నై ఎండలో మాంసం సంచీ పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ నిలబడకూడదు, కైమా అయితే అసలే కుదరదు. ముక్క మాంసానికి సూక్ష్మజీవులు పైపైనే ఉంటాయి, కొట్టినప్పుడు అవి లోపలికంతా కలిసిపోతాయి. అందుకే కైమాని ఎక్కడా గులాబీరంగు లేకుండా వండాలి. అమెరికా వాళ్లు 71 డిగ్రీలని లెక్క చెబుతారు. థర్మామీటర్ మా ఇంట్లో జ్వరానికి తప్ప లేదు, నలభై నిమిషాలు ఉడికేదానికి అక్కర్లేదు కూడా.

అమ్మమ్మ నాటి ఇనప మూకుడు తీశాను. పెద్ద మంట మీద పెట్టి, రెండు చెంచాల నూనె పోసి, పొగ లేస్తుండగా సగం కైమా వేసి అరచేతి మందాన పరిచాను. ఇక గరిటె పెట్టలేదు. కష్టమైన పని అదే, చెయ్యి ఊరుకోదు. మొదట తడితడిగా బుసబుస, తర్వాత ఆ చప్పుడు సన్నబడి పొడిపొడిగా చిటపటలు. చప్పుడు మారిందంటే నీరు అయిపోయిందని లెక్క. అట్లకాడతో ఒక అంచు ఎత్తి చూశాను, దోసె అడుగులా ముదురు ఎరుపు. తిరగేసి, పొడిచి విడగొట్టి, గిన్నెలోకి తీశాను. మిగతా సగం కూడా అంతే. ఉప్పు అప్పుడు వేశాను. ముందే వేస్తే నీరు లాగుతుంది.

అదే మూకుడులో ఒక చెంచా వెన్న, సన్నగా తరిగిన ఉల్లిపాయ, సగం బెంగళూరు మిరపకాయ. మనం బెంగళూరు మిరపకాయ అనే క్యాప్సికంని ఇక్కడ కుడమిళగాయ్ అంటారు. ఉల్లి మెత్తబడ్డాక అమ్మ ఒలిచిన వెల్లుల్లి దంచి వేశాను. మూకుడు అడుగున మాంసం అంటుకుని నల్లగా కరుచుకుపోయి ఉంది. అరకప్పు నీళ్లు పోసి అట్లకాడతో గీకితే మొత్తం లేచి వచ్చింది. సాస్‌కి రంగు ఇచ్చేది అదే. రెండు పండు టమాటాలు మిక్సీ పట్టిన రసం, అరకప్పు కెచప్, చెంచాన్నర వూస్టర్ సాస్, బెల్లం ఈసారి అరచెంచా, మిరియాల పొడి. కైమా తిరిగి వేసి, కప్పు నీళ్లు పోసి, మూత పెట్టి, సన్న సెగ మీద అరగంట వదిలేశాను.

ఆ అరగంటలో మూత తీసిన ప్రతిసారీ పల్చగానే కనిపించింది. మరదలు మాట గుర్తుంది: "రసంలా ఉండకూడదండీ, అలాగని వేపుడు కాకూడదు." నా గుర్తు నేనే పెట్టుకున్నాను. మూకుడు మధ్యలో అట్లకాడతో ఒక గీత గీస్తే అడుగు కనపడాలి, మూడు లెక్కపెట్టేలోగా సాస్ మెల్లగా వచ్చి గీతని మూసేయాలి. వెంటనే మూసుకుంటే ఇంకా పల్చన, అసలు మూసుకోకపోతే చేయి దాటినట్టు. చివరి పది నిమిషాలు మూత తీసేసి ఉంచితే ఆ పాకానికి వచ్చింది. తడిపిన ఆవపిండి కలిపి దించాను.

బన్నుల విషయంలో బేకరీ అతను ముందే ఒక మాట చెప్పాడు, టూటీఫ్రూటీ లేనివి తీసుకోమని. ఇక్కడ బన్ను అంటే బటర్, జామ్ రాసి టీతో తినేది, తీపి ఉంటుంది. బర్గర్ బన్నులు విడిగా అడగాలి. అడ్డంగా కోసి, లోపలి వైపు వెన్న రాసి, అట్ల పెనం మీద బోర్లించి గట్టిగా కాల్చాను. బాగా కాలిన ముఖం వెన్న తాగి గట్టిపడితే సాస్ లోపలికి దిగదు. కనీసం తినే ఐదు నిమిషాలైనా ఆగుతుంది.

మా అమ్మాయికి మొదటిది. ఒక గరిటె కైమా, పైన పల్చగా తరిగిన పచ్చి ఉల్లిపాయ చక్రాలు, పైకప్పు. అది రెండు చేతులతో పట్టుకుని కొరికింది. వెనక వైపు నుంచి సగం కైమా ప్లేటులో పడింది. కింద పడ్డదాన్ని బన్ను ముక్కతో అద్దుకుని తింది. ఏమీ మాట్లాడలేదు. రెండోది అడిగింది.

అమ్మ బన్ను ముట్టుకోలేదు. ఒక గిన్నెలో అన్నం పెట్టుకుని, పైన రెండు గరిటెలు వేసుకుని, "తీపి కాస్త తగ్గితే బాగుండు" అంటూ మూడోసారి వడ్డించుకుంది. అంచుకి గోంగూర పచ్చడి. నేనూ ఒక ముద్ద అడిగి తిన్నాను. గోంగూర పులుపుకి ఆ సాస్ కుదిరినంతగా బన్ను కుదరలేదు, ఈ మాట మరదలికి చెప్పలేదు.

మా ఆవిడ కోసం బన్ను కాల్చకుండా, కైమా మూత పెట్టి ఉంచాను. ముందే కట్టి పెడితే మొదటి బుధవారం కథే అవుతుంది. ఎనిమిది నలభైకి వచ్చింది. బ్యాగు కూడా దించకుండా వంటింట్లోకి వచ్చి, "ఏమండీ, ఇవాళైనా చారు పెట్టారా?" అంది. పెనం వేడెక్కేదాకా ఆగమన్నాను. ప్లేటు అందించేలోపు చేతిలోకి తీసుకుని, గట్టు దగ్గర నిలబడే కొరికింది. సాస్ చేతి మీద నుంచి జారి మెళ్లోని ఆఫీసు ఐడీ కార్డు మీద పడింది. చూసుకుంది, పక్కకి జరుపుకుంది, తినడం ఆపలేదు.

పొద్దున్న తడిగుడ్డతో తుడిచింది. కార్డు తొడుగు లోపలికి కొంచెం దిగినట్టుంది, ఫొటోలో గడ్డం దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది.